బుల్లెట్ డైరీ: ఈ చలికాలం నడపాలా, కప్పి పెట్టాలా

నవంబరు 10, ఆదివారం

"ఏమోయ్, బండికి ముసుగు వేశావా లేదా?" అంటూ నిన్న రాత్రి కెనడాలోని కాల్గరీ నుంచి బావగారి ఫోను. ఆయన తన బండిని అక్టోబరులోనే గ్యారేజీలోకి తోసి, బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకున్నారు. మళ్ళీ రోడ్డెక్కడం ఏప్రిల్‌లోనేనట. నేను నవ్వాను. బెజవాడలో మోటారు సైకిలు మీద మనిషికి ప్రాణం లేచివచ్చే నెలలంటూ ఉంటే అవి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినవాడిని అడగండి: మోకాళ్ళ మధ్య ఇంజను, కాళ్ళ కింద తారు, నెత్తిన సూర్యుడు. అలాంటి ఊళ్ళో చలికాలం బండి దాచడమా!

ఫోను పెట్టేశాక నవ్వు ఆగింది. నా ముందున్న ప్రశ్న కూడా అదే, కారణమే వేరు. ఇది నాన్న 1994లో కొన్న 350 సీసీ బుల్లెట్. పోత ఇనుము ఇంజను, కుడి కాలి గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (కలుస్తూ విడిపోతూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే రెండు లోహపు మొనలే పాయింట్లు). సెప్టెంబరు వరదలో మునిగింది. మేస్త్రి గారు విప్పి, కడిగి, బిగించి అక్టోబరు 20న అప్పగించారు. అప్పటినుంచి నేను నడిపింది మొత్తం కలిపితే 46 కిలోమీటర్లు. పాలకు, కూరగాయలకు, ఒకసారి అమ్మను గుడి దగ్గర దింపడానికి. మిగతా కాలమంతా వరండాలో స్టాండు మీదే.

రెండు దారులున్నాయి. ఒకటి, సంక్రాంతి దాటేదాకా కదపకుండా కప్పి ఉంచడం. మేస్త్రి గారి ఓటు దీనికే. "ఇప్పుడిప్పుడే జ్వరం తగ్గిన మనిషి బాబూ, మంచులో తిప్పకండి" అన్నారు. రెండోది, నేను రోజూ గుంటూరుకు రైల్లో వెళ్ళే బదులు వారానికి రెండుసార్లయినా దీని మీద వెళ్ళడం. నాకు రెండోదే ఇష్టం. ఇష్టం వేరు, బండికి మంచిదేదో వేరు. అది తేల్చుకోవడానికే ఈ నోటు పుస్తకం.

నవంబరు 12, మంగళవారం

ముందు బండి పరిస్థితి రాసి పెట్టుకోవాలి, లేకపోతే నెల తర్వాత నాకే గుర్తుండదు.

మాది సింగ్ నగర్. సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున మడమల దాకా ఉన్న నీరు మధ్యాహ్నానికి నడుము దాకా వచ్చింది. బుడమేరు వాగు కట్ట తెగిందన్నారు. బియ్యం బస్తా, గ్యాసు సిలిండరు, అమ్మ, అమ్మ దేవుడి పటాలు... ఈ వరుసలో మేడ మీదికి చేర్చాం. బండి ఆ వరుసలో లేదు, అది మెట్లెక్కే సరుకు కాదు. సాయంత్రానికి పెట్రోలు ట్యాంకు మూత ఒక్కటే తేలుతున్నట్టు కనబడేది. తర్వాత అదీ కనబడలేదు. పైనుంచి డ్రోన్లు ఆహారం పొట్లాలు దించుతుంటే, నేను ఆ నీళ్ళ కింద బండి ఏ మూలకు వాలిందో అంచనా వేస్తూ కూర్చునేవాడిని. తొమ్మిదో రోజుకు నీరు తీసి బురద మిగిలింది.

ఆ రోజుల్లో నేను చేసిన తెలివైన పని ఒక్కటే. సీటు మీద అట్ట కట్టి "కిక్ కొట్టవద్దు" అని రాశాను. సాయానికి వచ్చిన ప్రతివాడూ ముందు కిక్ మీద కాలు వేస్తాడు కాబట్టి. సిలిండరులో నీరు నిలిచి ఉంటే పిస్టన్‌కు పైకి వెళ్ళే చోటుండదు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్‌ను ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. మా వీధిలో రెండు బళ్ళు వరద వల్ల కాదు, ఆ తర్వాత కొట్టిన కిక్ వల్ల పోయాయి.

మేస్త్రి గారు ఇంజను కింది బోల్టు విప్పగానే ముందు బుడమేరు వచ్చింది, ఆ తర్వాత పాలెక్కువైన టీ లాంటి ఆయిలు. చవక ఆయిలు పోసి, కొద్దిసేపు తిప్పి, తీసేసి... అలా మూడుసార్లు కడిగారు. గేరుబాక్సు గ్రీజు, ముందు ఫోర్కుల ఆయిలు, చక్రాల బేరింగులు, బ్రేకు లైనింగులు, వైరింగు, బ్యాటరీ అన్నీ కొత్తవి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి అప్పడాల కట్టలా వచ్చాయి. ట్యాంకును మాత్రం పెట్రోలుతో పైపైన గిలక్కొట్టి పెట్టేశారు. అది అప్పుడే నాకు నచ్చలేదు, కానీ నాలుగు వారాల పనివాడి మీద ఐదో వారం పని మోపలేకపోయాను.

స్పీడోమీటరు మార్చలేదు. పని చేస్తోంది. అయితే రోజూ పొద్దున్నే అద్దం లోపల ఆవిరి పట్టి అంకెలు కనబడవు. ఎండ తగిలాక మెల్లగా విడిపోతుంది. అక్కడ కనబడుతున్న తడి, కనబడని చోట్ల ఎంత ఉందో?

నవంబరు 17, ఆదివారం

బావగారు తన జాబితా పంపారు. చదువుతుంటే బండి గురించి కాదు, వేరే గ్రహం గురించి చదువుతున్నట్టుంది. వాళ్ళకు రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చైను, రిమ్ములు, సైలెన్సరు అన్నిటినీ తినేస్తుంది. ఏడు డిగ్రీల కిందికి పోతే మామూలు టైరు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. చార్జి తగ్గిన బ్యాటరీలో ద్రావకం నీటికి దగ్గరవుతుంది కనుక అది గడ్డకట్టి డొక్క పగులుతుంది. ఇలాంటి చోట బండి దాచడం ఇష్టం కాదు, గత్యంతరం.

వరండా మేకుకు నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన పాత థర్మామీటరు తగిలించాను. ఇవాళ పొద్దున ఐదున్నరకు 20 డిగ్రీలు. మా వీధి మొత్తం స్వెట్టర్లలో ఉంది. మా ఆవిడ నాకు మంకీ క్యాపు తీసి పెట్టింది, హెల్మెట్ కింద వేసుకోమని. బావగారికి ఈ అంకె చెబితే అక్కడ బనీను మీద తిరుగుతామంటారు.

కాబట్టి ఆయన జాబితాలో చలికి సంబంధించినవన్నీ కొట్టేశాను. ఉప్పు లేదు, గడ్డకట్టడం లేదు, టైర్ల బెంగ లేదు. మిగిలినవి రెండే: దాచే ముందు ఆయిలు మార్చు, దాచాక ట్యాంకులో ఉండే పెట్రోలు గురించి ఆలోచించు. మొదటిదానికి ఆయన చెప్పిన కారణం బాగుంది. వాడిన ఆయిలులో పొగ తాలూకు ఆమ్లాలు, నీరు కలిసి ఉంటాయి. అలాగే వదిలేస్తే నెలల తరబడి అవి బేరింగులను నానబెడతాయి. బయటికి తీసేటప్పుడు మార్చడం కాదు, లోపల పెట్టేటప్పుడే మార్చాలి.

ఇక పక్కింటి పెద్దాయన సలహా ఒకటుంది. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "నడపకపోతే మానె. రోజూ పొద్దున్నే ఒక పది నిమిషాలు స్టార్టు చేసి ఉంచవయ్యా, అదే చాలు." సులువుగా ఉంది. రేపటినుంచి చేసి చూస్తాను.

డిసెంబరు 1, ఆదివారం

ఫెంగల్ తుఫాను నిన్న రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ మబ్బు, ముసురు, ఆరని బట్టలు. స్పీడోమీటరు అద్దం మధ్యాహ్నానికి కూడా విడలేదు.

పెద్దాయన చెప్పినట్టు రెండు వారాలు రోజూ పది నిమిషాలు ఇంజను ఆడించాను. ఈ పూట ఆయిలు మట్టం చూద్దామని మూత తీస్తే, మూత లోపలి వైపు పచ్చటి మీగడ. వేలితో తీస్తే వెన్నలా వచ్చింది. ఆయిలూ నీరూ చిలికిన మీగడ అది.

నీరెక్కడిదని కాసేపు తల పట్టుకున్నాను. బుడమేరు మూడు కడుగుళ్ళలో పోయింది కదా! కొంత పాతదే మిగిలి ఉండవచ్చు. కానీ ఎక్కువ భాగం నేను పోసిందే. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలా వరకు సైలెన్సరు లోంచి పోతుంది, పొద్దున్నే దాని కొసన చుక్కలు రాలేది అందుకే. కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. ఇంజను పూర్తిగా కాగి, ఆయిలు వేడెక్కితే ఆ ఆవిరి గొట్టం గుండా బయటికి పోతుంది. పది నిమిషాల్లో ఈ పోత ఇనుము గోరువెచ్చన కూడా కాదు. అంటే రోజూ చారెడు తడి లోపలికి పంపి, అది ఆరకముందే ఆపేసి, పైన మూత బిగించానన్నమాట. పైగా ఇంజను మెల్లగా ఆడుతున్నంతసేపూ, బ్యాటరీకి చార్జి ఎక్కుతోందో దిగుతోందో చూపే అమ్మీటరు ముల్లు మధ్యనే వేలాడింది. లైటు వేస్తే ఎడమకు పడిపోయింది. బ్యాటరీకి దక్కిందీ ఏమీ లేదు.

అప్పుడు సిగ్గేసింది. నేను చేసే ఉద్యోగం గుర్తొచ్చి.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాను. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, మా గదుల్లోకి వెళ్ళాలంటే ముందు చూసేది తేమ. కాయలు గుప్పిట పట్టి ఊపితే గలగలలాడాలి. మెత్తగా నలిగితే ఆ లాటు పక్కకే. పది, పదకొండు శాతానికి మించి తేమ ఉన్న కాయను చలి కాపాడదు, బూజును కొంచెం ఆలస్యం చేస్తుందంతే. తేజ రకమైనా 334 రకమైనా ఇదే లెక్క. "ఎలాగూ లోపల చల్లగా ఉంటుంది కదా బాబూ" అని రైతు బతిమాలుకుంటాడు. కల్లంలో ఇంకో రెండు ఎండలు పడనివ్వమని తిప్పి పంపిస్తాం. పన్నెండేళ్ళుగా ఈ మాట పొరుగువాళ్ళకు చెబుతున్నవాడిని, నా బండి దగ్గరికి వచ్చేసరికి తడి సరుకును గోదాములో పెట్టబోయాను.

బండి దాచాలా వద్దా అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉందని ఇవాళ తెలిసింది. ఇది దాచడానికి ఆరిందా? ఆరలేదు. దీనికి ఎండ అంటే దూరప్రయాణం. ఇల్లు నుంచి స్టోరేజీకి 42 కిలోమీటర్లు. వెళ్ళడం ఒక ఎండ, రావడం ఒక ఎండ.

పెద్దాయనకు మీగడ చూపించాను. "మా శాఖ జీపుకు అలాగే చేసేవాళ్ళం" అన్నారు. ఆ జీపు ఏమైందో అడగలేదు.

డిసెంబరు 4, బుధవారం

గుంటూరు ప్రయాణానికి ముందు పాయింట్లు సరిచేద్దామని పొద్దున్నే కూర్చున్నాను. ఉప్పు కాగితం వద్దు, దాని రేణువులు మిగిలిపోతాయి. సన్నటి ఆకురాయితో రెండు దెబ్బలు, పెట్రోలులో ముంచిన గట్టి కాగితంతో ఒక తుడుపు. సందు 0.38 మిల్లీమీటర్లు పెట్టాలని ఫీలర్ గేజి దూర్చి పట్టుకున్నాను. ఏడున్నర కావస్తోంది. గేజి చేతిలో వణికింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ పెట్టాను, మళ్ళీ వణికింది. వయసు మీద పడుతోందనుకుని చూస్తే బండి మొత్తం స్టాండు మీద సన్నగా ఊగుతోంది. ఇంజను ఆపి ఉండగా బుల్లెట్ కంపించడం నేను చూడటం ఇదే మొదటిసారి.

అమ్మ లోపలినుంచి "ఒరేయ్, గిన్నెలు కదులుతున్నాయిరా!" అని కేక వేసింది. ములుగు దగ్గర భూకంపమట, 5.3 తీవ్రత. వీధంతా బయటికి వచ్చి నిలబడింది. సెప్టెంబరులో నీరు, డిసెంబరులో భూమి, మిగిలింది అగ్నేనా అని ఎవరో అంటే అందరూ నవ్వారు, మరీ గట్టిగా కాదు.

సందు మళ్ళీ కొలిచాను. 0.38.

డిసెంబరు 8, ఆదివారం

ఈ వారం అంతా ట్యాంకు.

ఇన్నాళ్ళూ నాకున్న అనుమానం శుక్రవారం రుజువైంది. పెట్రోలు కాక్ విప్పితే జల్లెడ నిండా ఎర్రటి పొడి. మా ఊరివాడికి చెప్పాలంటే కారం. ట్యాంకు ఖాళీ చేసి ఫోను టార్చి లోపలికి కొడితే, అడుగున సగం మేర తుప్పు. తొమ్మిది రోజుల వరద నీరు, ఆపైన ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తడిని తాగుతుంది. తాగగలిగినంత తాగి, ఇక పట్టనప్పుడు నీటితో సహా పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. అడుగున ఉన్నది వట్టి ఇనుప రేకు.

ఇదే ట్యాంకుతో ఈ చలికాలం కప్పి పెట్టి ఉంటే, సంక్రాంతికి తీసేసరికి కార్బురేటరులో పెట్రోలు పారే సన్నని జెట్లన్నీ ఈ కారంతో పూడి ఉండేవి.

చేసిన పద్ధతి: కాక్ రంధ్రానికి రబ్బరు బిరడా. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు కిలోన్నర. ట్యాంకు 14.5 లీటర్లది, లీటరు వేడినీటికి వంద గ్రాముల లెక్కన. కొట్టతను "పెళ్ళి భోజనాలా?" అని అడిగాడు. శుక్రవారం రాత్రి పోసి, శనివారమంతా గంటకోసారి పిడికెడు నట్లు వేసి ఊపాను. ఊపడమంటే చిన్న మాట. ట్యాంకును ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లను జోకొట్టినట్టు అటూ ఇటూ. సాయంత్రానికి చేతులు పైకి లేవలేదు. పారబోస్తే నల్లటి కషాయం వచ్చింది, లోపల బూడిద రంగు మెరుపు తేలింది.

అసలు పరుగు అక్కడే మొదలవుతుంది. ఆమ్లంతో కడిగిన ఇనుము తడిగా ఉంటే కళ్ళముందే మళ్ళీ ఎర్రబారుతుంది. వంటసోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే యంత్రాన్ని ట్యాంకు మూతిలో పెట్టాను. ("ఏమండీ, నేనడిగితే కరెంటు బిల్లు అంటారు" అని వినబడింది.) ఈ పొడి ఎండ ఇక్కడ పనికొచ్చింది. ఇదే పని ఆగస్టులో చేస్తే ఆరేది కాదు. వేడిగా ఉండగానే పావు లీటరు ఆయిలు పోసి అన్ని మూలలకూ తిప్పి, వార్చి, పెట్రోలుతో కడిగి, కొత్త జల్లెడ వేసి బిగించాను.

డిసెంబరు 16, సోమవారం

ధనుర్మాసం మొదటి రోజు. వీధి చివర గుళ్ళో తిరుప్పావై వినబడుతుంటే బండి బయటికి తీశాను. 18 డిగ్రీలు.

దీన్ని లేపడం ఒక పూజ. పెట్రోలు కాక్ తిప్పి, చోక్ వేసి, కిక్ మీద మెల్లగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగి, సిలిండరులో నొక్కుకున్న గాలిని వదిలే డీకంప్రెషన్ లీవరు పట్టి ఇంకొంచెం నొక్కి వదిలి, అప్పుడు నిండు కాలితో ఒక్క తన్ను. మూడో తన్నుకు లేచింది. నాన్న ఒక్కదానికే లేపేవారు.

ఆరుంపావుకు బయలుదేరడం తప్పయింది. ఊళ్ళో ఏమీ తెలియలేదు. కనకదుర్గ వారధి ఎక్కేసరికి కృష్ణ లేదు, అవతలి ఒడ్డు లేదు, ముందున్న లారీ కూడా లేదు. దాని మోత మాత్రం ఉంది. హెడ్‌లైటు పై వెలుగు వేస్తే ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టయింది. కింది వెలుగుకు దించితే నాలుగు గజాల రోడ్డు. కళ్ళద్దాల లోపల నా ఊపిరి, బయట మంచు. వెనక లైటు లేని ట్రాక్టరు ఒకటి హఠాత్తుగా మంచులోంచి పుట్టింది. వంతెన దిగి, సర్వీసు రోడ్డులోకి మళ్ళి టీ బండి దగ్గర ఆగాను. ఆగడం మంచిదైంది. ఇంకో యాభై గజాల్లో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉన్నాయి. వడ్ల మీద డ్రమ్ము బ్రేకు వేసే కథ వేరుగా ఉండేది.

గంటసేపు అక్కడే కూర్చున్నాను. మేస్త్రి గారి మాట గుర్తొచ్చింది. ఆయన మంచు అన్నది ఇంజను కోసం, దానికి ఈ చలి ఒక లెక్కే కాదు. నడిపేవాడి కోసమైతే అక్షరాలా నిజం. ఏడున్నరకు సూర్యుడు పళ్ళెంలా కనబడ్డాడు. ఎనిమిదికల్లా మంగళగిరి కొండ తేలింది. ఆ తర్వాత చినకాకాని, కాజ టోల్‌గేటు పక్క సందు, నాగార్జున విశ్వవిద్యాలయం, పెదకాకాని... ఇరవై ఏళ్ళ తర్వాత నాన్న వెనక కూర్చున్నట్టు. గంటకు యాభై, యాభై ఐదు మధ్య ఆ ఇంజను ఒక చోట సర్దుకుని కూర్చుంటుంది. అక్కడ దాన్ని కదపబుద్ధి కాదు. గుంటూరు పొలిమేరలో ఘాటు ముక్కుకు తగిలాక గానీ ఎంత దూరం వచ్చానో తెలియలేదు.

స్టోరేజీ ఆవరణలో ఆపగానే ఇంజను పక్కన చెయ్యి పెట్టి చూశాను. పెట్టలేకపోయాను. నాకు కావలసింది ఆ వేడే. ఆయిలు మూత విప్పితే పొగలాంటి ఆవిరి లేచింది.

మేనేజరు గారిని అడిగి, పదింటికి వచ్చేలా అనుమతి తీసుకున్నాను. కొత్త కాయ రావడం జనవరి చివరినుంచే కాబట్టి ఇప్పుడు పని తక్కువ. ఎనిమిదికి ముందు బయలుదేరకూడదు, చీకటి పడకముందే వారధి దాటాలి. ఈ రెండూ తప్పనన్నాళ్ళు నడుపుతాను.

డిసెంబరు 29, ఆదివారం

ఐదు ప్రయాణాలు, 420 కిలోమీటర్లు. లీటరుకు 34 వచ్చింది.

ఆయిలు మూత లోపల మీగడ మొదటి రెండు ప్రయాణాలకు పలచబడింది, నాలుగోదానికి పూర్తిగా పోయింది. స్పార్కు ప్లగ్గు బిస్కెట్ రంగు. కాక్ జల్లెడలో ఎర్ర పొడి చిటికెడు, పోయిన వారం కంటే తక్కువ. స్పీడోమీటరు అద్దం మీద ఆవిరి అంచున నెలవంకలా మిగిలింది. ఒక్క ఇబ్బంది బ్యాటరీతో. సాయంత్రాలు ఊళ్ళో లైటు వేసుకుని మెల్లగా పాకడం వల్ల చార్జి నిలవడం లేదు. మరునాడు పొద్దున 12.3 వోల్టులు చూపిస్తోంది. 12.6 ఉండాలి. చార్జింగుకు ఇచ్చాను.

ఆయిలు మార్చి, తీసినది సీసాలో పోసి మేస్త్రి గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వెలుతురుకు ఎత్తి చూశారు, వాసన చూశారు, వేళ్ళ మధ్య రుద్దారు. నల్లగా ఉంది, నీటి జాడ లేదు. ఏమంటారోనని చూస్తున్నాను.

"ఇప్పుడు దాచుకోండి" అన్నారు.

జనవరి 12, ఆదివారం

రేపు భోగి. వరదలో నానిన పాత సీటు మంటలో వేయమని అమ్మ. రెగ్జిను, స్పాంజి పొగ వీధంతా పీల్చాలా అని నేను. చివరికి సీటు చెత్త బండికి, విరిగిన ముక్కాలి పీట మంటకు అని రాజీపడ్డాం.

దాచే నెలలు ఖాయం చేసుకున్నాను. ఫిబ్రవరి నుంచి కొత్త కాయ వస్తుంది. అక్కడినుంచి వేసవి సెలవులకు గుంటూరు మిర్చి యార్డు మూసేదాకా నాకు తిండికే తీరిక ఉండదు. రాత్రి పదకొండుకు ఇల్లు చేరేవాడు బుల్లెట్ మీద చేరకూడదు. పైగా రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఈ ఇంజను మీద కూర్చోవడం నాకు నేను వేసుకునే శిక్ష. కనుక మా ఇంట్లో బండి నిద్రపోయేది ఎండల్లో, మృగశిర రాకముందే లేవాలి. వానాకాలం మాత్రం సింగ్ నగర్‌లో కింది అంతస్తులో ఏదీ కదలకుండా పెట్టేది లేదని ఒకసారి నేర్చుకున్నాం.

పెట్రోలు సంగతిలో రెండు పక్షాలు. నిండా పోసి, పాడవకుండా మందు కలిపి పెట్టు అంటారు బావగారు. నిండుగా ఉంటే గాలికీ, గాలిలోని తడికీ చోటుండదు. మంచి వాదనే, ఆయన గ్యారేజీలో. మా వరండాలో ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై దాటి, రాత్రి తగ్గుతూ ఉంటే ట్యాంకు రోజూ ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. నిండా పెట్రోలుతో మండే ఎండల్లో ఇంటి గడపలో పెట్టడానికి నాకు ధైర్యమూ లేదు. చివరి చుక్క దాకా ఖాళీ చేసి, లోపల ఆయిలు పూసి పెట్టమన్నారు మేస్త్రి గారు. నిమ్మ ఉప్పుతో నేను పడిన పాట్లు తలుచుకుని ఈ పక్షం తీసుకున్నాను. కార్బురేటరు కింది గిన్నె కూడా వార్చెయ్యాలి. అందులో మిగిలిన గరిటెడు పెట్రోలే ఆరిపోయి జిగురై జెట్టును మూసేది.

ఎలుకల సంగతి మా స్టోరేజీ హమాలీలు తేల్చారు. కొత్త వైరింగు మీద తాలు కాయల (రంగు పోయిన నాసి మిర్చి) పొడి గుడ్డలో మూటకట్టి వేలాడదీయమన్నారు. పక్షులకు కారం తెలియదు, ఎలుకలకు మనలాగే తెలుస్తుంది. మా దగ్గర తాలుకు కొదవ లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్న సాయంత్రం ఆఖరి ప్రయాణం. ఇంటికి వచ్చి, ఇంజను కాగి ఉండగానే ఆయిలు దించి కొత్తది పోశాను. ప్లగ్గు విప్పి రెండు చెంచాల ఆయిలు వేసి, నాలుగుసార్లు మెల్లగా కిక్ తిప్పి బిగించాను. ట్యాంకు, గిన్నె ఖాళీ. బ్యాటరీ ఇంట్లో. టైర్లలో నాలుగు పౌన్ల గాలి ఎక్కువ, స్టాండు కింద పలక, ముందు చక్రం నేల తాకకుండా ఇటుకలు. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కాను. వదిలేస్తే కందిరీగ మట్టి మోసుకొచ్చి గూడు కట్టేస్తుంది. ముసుగు పాత నూలు దుప్పటి. ప్లాస్టిక్ పట్టా వేస్తే కింద చెమట పడుతుంది, ఆ సంగతి మా చలి గదుల్లోంచి బయటికి తీసిన టిక్కీలను చూసి తెలిసిందే.

ఈ బండికి నిలబెడితే ఇంకో జబ్బుంది. ఆయిలు ట్యాంకులోని ఆయిలు, పంపు గుండా మెల్లగా ఇంజను అడుగు గదిలోకి దిగిపోతుంది. అలాగే కిక్ కొడితే వీధంతా పొగ, గొట్టంలోంచి ఆయిలు. అందుకని మళ్ళీ సీటుకు అట్ట కట్టాను: "కిక్ కొట్టవద్దు. ముందు కింది బోల్టు విప్పాలి." ఈసారి అట్ట పొడిగా ఉంది.

వరద తర్వాత నడిచింది 1,080 కిలోమీటర్లు. ఇవాళ పొద్దున ఆరింటికి, దుప్పటి కప్పబోయే ముందు, స్పీడోమీటరు అద్దం మీద ఎక్కడా మసక లేదు.

మధ్యాహ్నం బావగారి ఫోను. అక్కడ మైనస్ ఇరవై దాటిందట. "నేనూ ముసుగు వేశాను బావగారూ" అన్నాను. కాసేపు మాట రాలేదు ఆయనకు. "మీకు చలికాలం అయిపోయింది కదయ్యా ఇప్పుడు?" అన్నారు. అందుకేనని చెప్పి, వరండా మేకు నుంచి థర్మామీటరు తీసి అదే మేకుకు బండి తాళం తగిలించాను.